ఆరేళ్లు పుండునే చూశారు, కాలును ఎవరూ చూడలేదు

సంపాదకులు గారికి నమస్కారం.

నాది వరంగల్ కాశిబుగ్గలో కటింగ్ షాపు. 38 ఏళ్లుగా ఇదే పని. రోజూ పొద్దున షట్టర్ ఎత్తి, దేవుడి పటానికి అగరొత్తి వెలిగించి, మీ పేపరు మడత విప్పుతాను. వారానికి ఒక్కసారైనా అందులోంచి పసుపురంగు కరపత్రం ఒకటి జారి కింద పడుతుంది. ‘ఎంతటి మానని పుండైనా 21 రోజుల్లో గ్యారంటీగా నయం చేయబడును’ అని దాని మీద పెద్దక్షరాలు. అది మీరు అచ్చేసింది కాదనీ, తెల్లవారుజామున పేపర్లు పంచుకునే దగ్గర ఎవరో మధ్యలో దోపుతారనీ నాకు తెలుసు. కానీ మీ పేపర్లోంచి పడింది కదా, చదివినవాడు మీ మాటగానే తీసుకుంటాడు. నేనూ అట్లాగే తీసుకున్నాను. దానికి నాకు అయిన ఖర్చు 22 వేలు. పుండు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

ఆ పుండు సంగతి మీ పేపర్లో రావాలని ఇది రాస్తున్నాను. పేరు మాత్రం వేయకండి. గడ్డం గీసేవాడి కాలికి పుండు ఉండేదని తెలిస్తే, మానిన తర్వాత కూడా నా కుర్చీలో కూర్చోవడానికి వెనకాడేవాళ్లు ఉంటారు.

2018 జనవరి ఆఖరులో మేడారం జాతరకు పోయాను. మొక్కుకు కాదు, పనికి. జంపన్నవాగు దగ్గర తలనీలాలు తీయడానికి మావాళ్లం చాలామందిమి పోతాం. మూడో రోజు రాత్రి డేరాకు కొట్టిన ఇనుప మేకు ఎడమకాలికి గీరుకుంది. చీలమండకు లోపలివైపు, నాలుగు వేళ్లంత పైన. గోరంత గీత. ఇంత పసుపు అద్ది మళ్లీ కత్తి పట్టుకున్నాను. నెల గడిచినా ఆ గీత మానలేదు. 2020 జాతర నాటికి రూపాయి బిళ్లంత అయింది. 2022 జాతర నాటికి అరచేతిలో సగం. 2024 జాతరకు నా బదులు మా తమ్ముడి కొడుకు కత్తుల పెట్టె పట్టుకుని పోయాడు, నేను ఇంట్లో మంచం మీద ఉన్నాను.

మా షాపులో ఒక విచిత్రం ఉంది. మెడకు తెల్లగుడ్డ కట్టగానే ప్రతి మనిషీ డాక్టరైపోతాడు. వేపాకు, పసుపు కలిపి నూరి పెట్టమన్నాడు ఒకాయన. చెడురక్తం చేరింది, జలగలు పట్టించమన్నాడు ఇంకొకాయన. షుగరే అన్నా, నువ్వు దాస్తున్నవ్ అని పందెం కాసినాయన ఉన్నాడు. నాలుగుసార్లు పరీక్ష చేయించాను, షుగరు లేదు. బోదకాలేమో అన్నారు. దానికి రక్తం రాత్రిపూట తీయాలట, ఆ పురుగులు రాత్రుళ్లే రక్తంలోకి వస్తాయట. షాపు మూసి పోయి అదీ ఇచ్చొచ్చాను. అదీ కాదు. ఎవరో గిట్టనివాళ్లు చేయించారని మా వదిన ఒక నిమ్మకాయ తెచ్చి గుమ్మానికి కట్టింది. ఆ నిమ్మకాయ ఒక్కటే పైసా ఖర్చు లేని వైద్యం.

ఇంకో తమాషా చెప్పాలి. నా పిక్క మీద నరాలు ఉబ్బి మెలికలు తిరిగి ఉంటాయి, ముప్పై ఏళ్ల వయసు నుంచీ అంతే. అది చూసిన ఒక గిరాకీ ‘నరాల డాక్టరుకు చూపించు’ అన్నాడు. పోయాను. రెండు గంటలు కూర్చోబెట్టి, 600 ఫీజు తీసుకుని, రబ్బరు సుత్తితో మోకాలి మీద కొట్టి, ‘నీ నరాలు బ్రహ్మాండంగా ఉన్నాయి’ అని పంపించాడు. ఆయన తప్పేం లేదు. మెదడు నుంచి వచ్చే నరాలూ, రక్తం మోసే నరాలూ మనకు ఒకే మాటాయె. నాది రెండో రకం, సిరలు అంటారని తర్వాత తెలిసింది. మాట ఒకటే కావడం వల్ల నాలాగ తప్పు గుమ్మం ఎక్కినవాళ్లు ఇంకెందరో.

మిగతా కాలమంతా మా వాడకట్టులోని ఆర్‌ఎంపీ దగ్గరే గడిచింది. రోజు విడిచి రోజు పుండు మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసేవాడు. బుస్సుమని తెల్లగా నురుగు పొంగేది. ‘చూసినవా, చీము మొత్తం చచ్చిపోతోంది’ అనేవాడు. సోపు బ్రష్షుతో నురుగు తీసి బతికేవాణ్ని కదా, ఆ నురుగు మీద నాకూ నమ్మకం కలిగింది. అది చీమును, కొత్తగా పుట్టే కండను వేరు చేసి చూడదనీ, రెండింటినీ చంపుతుందనీ తర్వాత డాక్టరు చెప్పారు. ఆపైన యాంటీబయాటిక్ ఇంజక్షన్లు, క్యాప్సూళ్లు. కాలు ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే తప్ప ఇలాంటి పుండుకు అవి అక్కర్లేదట. నేను ఆరేళ్లలో ఎన్ని మింగానో లెక్క లేదు. ఒక ట్యూబు మందు రాస్తే పుండు చుట్టూ చర్మం దద్దుర్లెక్కి నీళ్లు కారింది. దాన్ని తగ్గించడానికి ఇంకో ట్యూబు.

నీళ్లు కారడం గురించి రాయాలంటే సిగ్గుగా ఉంది, కానీ రాయకపోతే సంగతి అర్థం కాదు. మధ్యాహ్నానికి కట్టు తడిసిపోయేది. వాసన. షాపులో అగరొత్తులు రెండింతలు చేశాను. గిరాకీ మెడ మీద పౌడరు ఎక్కువ కొట్టేవాణ్ని, వాళ్ల కోసం కాదు, నా కోసం. ఇంట్లో నా పక్క వేరే గదిలోకి నేనే మార్చుకున్నాను.

2024 మార్చిలో, సర్కారు దవాఖానాలో నర్సుగా చేసి రిటైరైన ఒక పెద్దమ్మ మనవడికి కటింగ్ చేయించడానికి వచ్చింది. పిల్లాడు కుర్చీలో పలక మీద కూర్చున్నాడు, ఆమె బెంచీ మీద. నా ప్యాంటు అంచుకు తడి కనపడినట్టుంది. ‘ఏమైంది బిడ్డా కాలికి?’ అంది. ఏం లేదమ్మా అన్నాను. ‘నాకు చెప్తవా’ అంది. కటింగ్ అయ్యాక కట్టు విప్పి చూపించాను. ఆమె పుండును రెండు క్షణాలు చూసిందేమో, అంతే. ‘ప్యాంటు మోకాలి పైకి లాగు’ అంది. లాగాను. ‘నిలబడు. అటు తిరుగు.’ తిరిగాను. ‘ఇది పుండు రోగం కాదు బిడ్డా. పైన రోగం పెట్టుకుని కింద మందు రాస్తున్నవ్’ అంది.

ఆరేళ్లలో అంతమంది చూశారు సార్, నన్ను నిలబెట్టి చూసింది ఆమె ఒక్కతే. మిగతా అందరూ బల్ల మీద పడుకోబెట్టి పుండు చూశారు. పడుకుంటే ఉబ్బిన నరాలు అణిగిపోతాయి, కంటికి ఆనవు.

ఆమే హనుమకొండలో రక్తనాళాల డాక్టరు దగ్గరికి పంపింది. ఆయన చెప్పింది నాకు అర్థమైన మాటల్లో రాస్తాను. గుండె రక్తాన్ని కాలికి పంపుతుంది, సరే. అది పైకి తిరిగి రావాలంటే నడిచినప్పుడల్లా పిక్క కండరం పిండాలి. పైకెక్కిన రక్తం మళ్లీ జారకుండా సిరల్లో చిన్న చిన్న తలుపులు ఉంటాయి. బావిలో మోటరుకు ఫుట్‌వాల్వ్ ఉంటుంది కదా, అచ్చం అదే. అది పాడైతే పైపులో నీళ్లు నిలవవు, కిందికి దిగిపోతాయి. నా కాలిలో గజ్జల దగ్గరి వాల్వు పోయింది. ఏళ్ల తరబడి రక్తం బరువంతా చీలమండ దగ్గర పడింది. అక్కడి చర్మం పదేళ్లుగా ఇనుపతుప్పు రంగులో ఉండేది, దురద పెట్టేది. తామర అనుకుని మలాము పూసేవాణ్ని. ‘రంగు మాత్రం నువ్వు సరిగ్గానే చెప్పావు, అది నిజంగా ఇనుమే’ అన్నారాయన. రక్తం చర్మంలోకి ఊరి, అందులోని ఇనుము అక్కడే మిగిలిపోతుందట. అలా నానిన చర్మానికి మేకు గీరినా, దోమ కుట్టినా, గోకినా చాలు, పుండు పడుతుంది. ఆ ఒత్తిడి తగ్గేదాకా ఏ మందు రాసినా మానదు.

నాకీ రోగం ఎందుకొచ్చిందని అడిగాను. మా అమ్మకూ ఇట్లాగే నరాలు ఉండేవి, అదొకటి. రెండోది నా పని. రోజుకు పన్నెండు గంటలు నిలబడతాను, కానీ నడవను. కుర్చీ చుట్టూ అటు మూడడుగులు, ఇటు మూడడుగులు. దాన్ని నడక అనరు. దోశపెనం ముందు నిలబడే మాస్టర్లు, బట్టల దుకాణాల్లో అమ్మాయిలు, ఇస్త్రీ బండివాళ్లు, ట్రాఫిక్ పోలీసులు, అందరిదీ అదే నిలుచోవడం. మా షాపులకు 2021 నుంచి 250 యూనిట్ల కరెంటు ఉచితంగా ఇస్తున్నారు, సంతోషం. మా కాళ్ల సంగతి మాత్రం ఇంతవరకు ఎవరూ అడగలేదు.

మందు మొదలుపెట్టే ముందు ఆయన చేసిన పరీక్ష చూసి ఆశ్చర్యపోయాను. చేతికి బీపీ చూసి, అదే పట్టీ కాలికి కట్టారు. డాప్లర్ అనే పెన్నులాంటి చిన్న యంత్రం పాదం మీద పెట్టి వింటే, లోపల రక్తం ‘హుష్ హుష్’ అని పోవడం గదంతా వినబడింది. చీలమండ దగ్గరి బీపీని చేతి బీపీతో భాగిస్తారు. నాకు ఒకటి కంటే కొంచెం ఎక్కువ వచ్చింది. 0.8 కంటే తక్కువుంటే కాలికి రక్తం తెచ్చే ధమనులే మూసుకుపోతున్నట్టు, అట్లాంటి కాలికి నా రోగానికి వేసే గట్టికట్టు వేయకూడదు, వేస్తే కాలు పోయే ప్రమాదం ఉంది. అందుకే ఈ ఉత్తరం చదివి ఎవరూ ఇంట్లో క్రేప్ బ్యాండేజీ బిగించుకోవద్దు, ముందు ఈ పరీక్ష కావాలి. తర్వాత నిలబెట్టి, సిరల్లో రక్తం ఎటు పోతోందో చూపే డాప్లర్ స్కాన్ తీశారు. పుండు ఆరేళ్లది కాబట్టి అంచు నుంచి చిన్న ముక్క తీసి కేన్సర్ పరీక్షకూ పంపారు. ఏళ్ల తరబడి మానని పుండు ఒక్కోసారి అట్లా మారుతుందట. రిపోర్టు వచ్చే వారం రోజులు పడ్డ టెన్షన్ మేడారం మేకు కంటే ఎక్కువ బాధపెట్టింది. ఏమీ లేదని తేలింది.

ఇక అసలు మందు. మీరు నమ్మరు, అది గుడ్డ. వట్టి గుడ్డ. కాలును మామూలు నీళ్లతో కడిగి, పుండు మీద అంటుకోని పలుచటి గాజుగుడ్డ పెట్టి, దాని మీద నాలుగు పొరల కట్టు. మొదటి పొర దూది. చీలమండ వెనక గుంటలు ఉంటాయి కదా, అవి కూడా నిండేలా పరుస్తారు. రెండోది క్రేపు. మూడోది సాగే పట్టీ, ఎనిమిది అంకె వేసినట్టు అల్లుకుంటూ పోతారు. నాలుగోది తనకు తానే అంటుకునే పట్టీ. పాదాన్ని పిక్కకు ఎల్ అక్షరంలా నిలిపి, వేళ్ల మొదట్లో మొదలుపెట్టి మోకాలి కిందిదాకా, ప్రతి చుట్టూ కింది చుట్టును సగం కప్పాలి. పాతకాలం పోలీసులు కాళ్లకు చుట్టుకున్న పట్టీలు గుర్తున్నవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. చీలమండ దగ్గర 40 మిల్లీమీటర్ల పాదరసమంత ఒత్తిడి ఉండాలి, పైకి పోను పోను తగ్గాలి. ఒకే బిగువుతో చుట్టుకుంటూ పోతే చాలు, పిక్క లావుగా ఉంటుంది కనుక పైన ఒత్తిడి దానంతటదే తగ్గుతుందట.

గిరాకీ మెడకు గుడ్డ కట్టేటప్పుడు వెంట్రుక దూరకూడదు, గొంతు నొక్కకూడదు. ఆ బిగువు పట్టుబడటానికి నాకు ఏడాది పట్టింది, మా నాయన ఎన్నిసార్లు మొట్టాడో. ఈ కట్టూ అంతే. చూస్తే ఎవరైనా కడతారనిపిస్తుంది. మొదట ఇంటి దగ్గర ఒక కుర్రాడితో కట్టించుకుంటే పిక్క దగ్గర బిగిసి, కింద వదులైంది. సాయంత్రానికి పాదం బూరెలా వాచింది. చేయి తిరిగిన నర్సు కడితేనే దానికి విలువ.

మొదటి వారం కాలు పోటు పెట్టి, రాత్రి రెండింటికి లేచి కట్టు కోసేద్దామని కత్తెర కూడా తీశాను. మా ఇంటామె కత్తెర లాక్కుని షాపు తాళాలతో కలిపి దాచింది. మూడో వారానికి పోటు తగ్గింది. ఆరేళ్లలో మొదటిసారి కట్టు బయటికి తడి రాలేదు.

ప్రతివారం కట్టు విప్పినప్పుడు నర్సమ్మ పుండు మీద పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ కాగితం పరిచి, మార్కరుతో దాని అంచు గీసి, తేదీ వేసేది. ఆ కాగితాలు నేను అడిగి తెచ్చుకున్నాను. 18 ఉన్నాయి. మొదటి దాని మీద తమలపాకంత గీత. ఐదో కాగితం మీద అంతకంటే చిన్నది, ఒక పక్క కోసుకుపోయి లోపలికి వచ్చింది. తొమ్మిదిలో చింతగింజ. పదహారులో పెసరగింజ. పద్దెనిమిదో కాగితం మీద తేదీ మాత్రమే ఉంది.

మధ్యలో సిరకు చికిత్స కూడా చేశారు. మోకాలి దగ్గర సూదితో సన్నటి తీగ ఎక్కించి, లోపలి నుంచి వేడితో పాడైన సిరను మూసేశారు. తిమ్మిరి ఇంజక్షనే, మత్తు లేదు. సాయంత్రం ఆటోలో ఇంటికొచ్చాను. పుండు పూర్తిగా మానాక కదా ఇది చేయాలి అని నేను అడిగితే, ఇదివరకు అట్లాగే ఆగేవాళ్లమని డాక్టరు చెప్పారు. బ్రిటన్‌లో 450 మంది మీద పరిశోధన చేస్తే, కట్టుతో పాటు మొదట్లోనే సిరను మూసినవాళ్లకు సగం మందికి 56 రోజుల్లో పుండు మానిందట, ఆగినవాళ్లకు అది 82 రోజులు. ఆ ఫలితం వచ్చింది 2018లో. నాకు మేకు గీరుకున్న ఏడు. మా అమ్మాయి ఫోనులో వెతికి అదే సంవత్సరమని చూపించినప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అంతకుముందు 2004లో వచ్చిన ఇంకో పరిశోధనలో, కట్టు ఒక్కటే వాడితే ఏడాదిలో వందకు 28 మందికి పుండు తిరగబెట్టింది, సిరకు ఆపరేషన్ కూడా చేస్తే 12 మందికే. ఒక్క కట్టుతో పుండు మానొచ్చు, కానీ పాడైన వాల్వు లోపల అట్లాగే ఉంటుంది కదా.

ఇప్పుడు రోజూ మోకాలిదాకా బిగుతు సాక్సు వేస్తాను. పొద్దున మంచం దిగకముందే వేయాలి, దిగితే కాలు వాస్తుంది. మొదట్లో అది ఎక్కించడానికి ఇద్దరం చెమటలు కక్కేవాళ్లం. పాదానికి పాలకవరులాంటి జారే ప్లాస్టిక్ తొడిగి, దాని మీంచి సాక్సు లాగి, ముందు తెరిచి ఉన్న వేళ్ల దగ్గర కవరు బయటికి గుంజేయాలని నర్సమ్మ నేర్పింది. ఆరు నెలలకు సాగిపోతుంది, కొత్తది కొనాలి. మన వరంగల్ మే నెలలో అది వేసుకుని నిలబడటం ఎట్లుంటదో చెప్పక్కర్లేదు. అయినా వేస్తాను. గిరాకీకి గిరాకీకి మధ్య పదిసార్లు మునివేళ్ల మీద లేచి దిగుతాను. పిల్లలు అద్దంలో చూసి నవ్వుతారు.

నాకు డబ్బు ఎట్లా సరిపోయిందంటే, మా ఇంటామె గాజులు కుదువపెట్టాం. ఒక్కో కట్టు సామాను 1,200. ముందే ఎవరైనా నిలబెట్టి చూసి ఉంటే, ఆరేళ్ల మందులకూ, ఆ పసుపు కరపత్రానికీ పోసిన డబ్బులో మూడోవంతు సరిపోయేది.

నేను అడిగేది పెద్ద దవాఖానా కాదు. మా పేటలకు బస్తీ దవాఖానాలు వచ్చాయి. అక్కడ అరచేతిలో పట్టే ఆ డాప్లర్ యంత్రం ఒకటి పెట్టండి, కట్టు కట్టడం నేర్చిన నర్సు ఒకరు వారానికి రెండు రోజులు కూర్చునేలా చూడండి. కట్టు సామాను, సాక్సులు మందుల లాగే ఉచితంగా ఇవ్వండి. బోదకాలు ఉన్నవాళ్లకు పింఛను ఇస్తున్నారు, అది న్యాయం. మాకు పింఛను వద్దు, కట్టు చాలు. ఆశా అక్కలు ఇంటింటికీ వచ్చి 30 ఏళ్లు దాటినవాళ్లకు బీపీ, షుగరు చూస్తున్నారు. అదే చేత్తో ‘కొంచెం నిలబడండి, కాళ్లు చూపించండి’ అని అడగమనండి. నరాలు తేలినవాళ్లు, చీలమండ దగ్గర చర్మం తుప్పు రంగు తిరిగినవాళ్లు పుండు పడకముందే దొరుకుతారు. చీరల కింద, ప్యాంట్ల కింద దాచుకున్నవాళ్లు ఎంతమందో నాకు ఇప్పుడు తెలుస్తోంది. నా కాలి సంగతి చెప్పానో లేదో, బెంచీ మీద కూర్చున్న గిరాకీల్లో ముగ్గురు మెల్లగా ప్యాంటు ఎత్తి చూపించారు. ఒకరిది మాత్రం బొటనవేలు నల్లబడి ఉంది, కాలు పైకెత్తితే నొప్పి ఎక్కువవుతోందన్నాడు. అది నా రోగం కాదనీ, రక్తం అందని కాలేమోననీ భయపడి అదే రోజు బండి మీద ఎక్కించి పంపించాను.

మీకు చేతనైంది ఇంకోటి ఉంది. పేపర్ల మధ్యలో ఏం దోపుతున్నారో మీ ఏజెంట్లను ఒకసారి అడగండి. మీ విలేకరిని పంపితే ఆ 18 కాగితాలు చూపిస్తాను, ఫొటో తీసుకోవచ్చు.

మొన్న జనవరిలో మళ్లీ మేడారం పోయాను, సాక్సు వేసుకుని, కూర్చోవడానికి ఎత్తు స్టూలు ఒకటి వెంట పెట్టుకుని. నాలుగు రోజులూ పని చేశాను. తిరిగొచ్చిన మర్నాడు షట్టర్ ఎత్తి మీ పేపరు విప్పితే ఆ పసుపు కాగితం మళ్లీ జారిపడింది. ఈసారి 21 రోజులు కాదు, 15 రోజులట.

ఇట్లు,
మీ పాఠకుడు,
కటింగ్ షాపు, కాశిబుగ్గ, వరంగల్